తెర తన పేరు చెప్పుకొనుట నేర్చిన విధము

ఉపాధ్యాయుడు పాఠమంతయు సిద్ధము చేసికొని తరగతికి వచ్చును. లాప్‌టాప్‌ను బల్లపై నుంచి, గోడకు బిగించిన పెద్ద మానిటరునుండి వ్రేలాడుచున్న కేబులును దానికి తగిలించును. పిల్లలందరు తెరవైపు చూచుచుందురు. తెరపై మాత్రము "సిగ్నల్ లేదు" అను రెండు మాటలు కనబడి, కొంతసేపటికి అవియు మాయమై చీకటి కమ్మును. లాప్‌టాప్ బాగుగనే పనిచేయుచున్నది. మానిటరు నిన్న వేరొకరి యంత్రముతో చక్కగా పనిచేసినది. కేబులు క్రొత్తది. మూడును బాగుగనే యున్నవి. మూడింటి కలయిక మాత్రము బాగులేదు. నలుబది నిమిషముల పాఠములో పదిహేను నిమిషములు కేబులును పీకుటలోను, మరల గ్రుచ్చుటలోను గడచిపోవును.

ఇట్టి సమయమున "మానిటరు పాడైనది" అని తీర్పు చెప్పుట సులభము. కాని పెక్కు సందర్భములలో పాడైనది మానిటరు కాదు. దానికిని కంప్యూటరుకును మధ్య జరుగవలసిన సంభాషణలో ఒక వాక్యము తెగినది. కేబులు తగిలిన క్షణమునుండి బొమ్మ కనబడు క్షణమువరకు ఆ రెండు యంత్రములును ఒకదానినొకటి అనేక ప్రశ్నలు అడుగుకొనును. నీవు అక్కడ ఉన్నావా? నీ పేరేమి? ఎన్ని చుక్కల బొమ్మను చూపగలవు? క్షణమునకు ఎన్నిమారులు? ఈ ప్రశ్నలు ఒకేనాడు ఒకే వ్యక్తి కూర్చి పెట్టినవి కావు. ఒక్కొక్క ప్రశ్న వెనుక ఒక్కొక్క కాలపు చిక్కు దాగియున్నది. ఆ వరుస తెలిసినవానికి చీకటి తెర ఎదుట కొంత ధైర్యము కలుగును.

మాటలాడని తెరలు

1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు స్ట్రాస్‌బర్గులో గాలి తీసివేసిన ఒక గాజునాళములో ఎలక్ట్రాన్ల ధారను పంపి, అది ప్రతిదీప్తిగల పూతపై పడునపుడు వెలుగుచుక్క ఏర్పడునట్లు చేసెను. అయస్కాంతముతో ఆ చుక్కను అటునిటు కదల్పవచ్చును. ఆ వెనుక వచ్చిన టెలివిజనునకు ఈ కదలు చుక్కయే ఆధారమైనది. తాటాకుపై గంటముతో వ్రాయు లేఖకుని తలచుకొనుడు. అతడు ఎడమనుండి కుడికి ఒక వరుస వ్రాసి, చేతిని మరల ఎడమకు తెచ్చి, తరువాతి వరుసకు దిగును. ఆకు నిండగానే మరియొక ఆకును తీయును. ఎలక్ట్రాన్ ధార చేయునదియు అదే. అమెరికాలో ఒక ఆకునకు 525 వరుసలు, మన దేశపు టెలివిజనులో 625.

అయితే ప్రసారకేంద్రములోని గంటమును మన యింటి పెట్టెలోని గంటమును ఒకే క్షణమున వరుస మార్చవలెను. అందుకై బొమ్మతోపాటు "ఇక వరుస మార్చుము", "ఇక ఆకు మార్చుము" అను రెండు విధముల చిన్న విద్యుత్ స్పందనములను కూడ పంపుచుండిరి. వీనినే సింక్ స్పందనములందురు. నేటి మానిటరులో కూడ వీని వారసులు కలరు.

ఇది ఒక వైపు మాట మాత్రమే. కేంద్రము చెప్పును, పెట్టె వినును. పెట్టె సరిగా వినలేకపోయినచో కేంద్రమునకు తెలియదు. మధ్యవర్తి మనిషి. 1975 ఆగస్టునుండి 1976 జులై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారము చేసిన సైట్ ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ గ్రామములు కూడ నుండెను. ఆ ప్రయోగమునకు పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. ఆ తరువాతి సంవత్సరములలో అదే సంస్థవారి ఇ.సి. టి.వి. మన పట్టణపు ఇండ్లలో వెలసినది. బొమ్మ పైకి దొర్లిపోవుట, ఏటవాలుగా చీలిపోవుట ఆనాటివారు ఎరుగనిది కాదు. ఇంటిలో ఒకరు లేచి హోల్డు మరను కొంచెము త్రిప్పగానే బొమ్మ నిలబడెడిది. ఆ పని చేయువానికి సింక్ స్పందనము అను మాట తెలియనక్కరలేదు. దొర్లుచున్నదా, చీలుచున్నదా అని కంటితో చూచి ఏ మర త్రిప్పవలెనో నిర్ణయించెడివాడు. దోషము తన రూపమును తానే చూపెడిది. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. మనము పోగొట్టుకొన్నది ఇదియే.

తొలినాటి కంప్యూటర్లకు ఇట్టి చిక్కు లేదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960లో పనిలోనికి వచ్చిన టిఫ్రాక్ యంత్రమునకు కూడ కిరణనాళపు తెర యుండెను. కాని యంత్రమును తెరను ఒకే భవనములో, ఒకే బృందము కూర్చినది. ఒకే యింట పుట్టినవారికి పరిచయ వాక్యములు అవసరము లేదు గదా! యంత్రము ఒక సంస్థది, తెర మరియొక సంస్థది అయిననాడు చిక్కు మొదలైనది.

ఒకే సాకెట్టు, రెండు భాషలు

1981 ఆగస్టులో ఐ.బి.ఎమ్. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినపుడు తెరకై రెండు విధముల పలకలను అమ్మకమునకు పెట్టినది. ఒకటి అక్షరములకు మాత్రమే తగిన ఏకవర్ణపు పలక. అది సెకనుకు 18,432 వరుసలను, 50 నిండు బొమ్మలను పంపును. రెండవది రంగుల పలక. సెకనుకు సుమారు 15,700 వరుసలు, 60 బొమ్మలు. విచిత్ర మేమనగా, ఈ రెండింటికిని తొమ్మిది రంధ్రముల ఒకే ఆకారపు సాకెట్టు. చేతికి రెండును ఒకటే. విద్యుత్తునకు రెండును వేరు. ఏకవర్ణపు మానిటరును రంగుల పలకకు తగిలించినచో బొమ్మ రాకపోవుట అటుండగా, దాని లోపలి అధిక వోల్టేజి భాగములు వరుస స్పందనములనే ఆధారముగా చేసికొని పనిచేయునవి గనుక, వేగము తప్పినచో వేడెక్కి చెడిపోవు ప్రమాదముండెను. కేబులును తగిలించుటలోని పొరపాటు నిజముగా వస్తువును కాల్చగలిగిన కాలమది. నేడు ఎవరైనను "తప్పు కేబులు పెట్టినచో మానిటరు కాలిపోవును" అని భయపడినచో ఆ భయమునకు మూలము ఇచ్చట నున్నది. నేటి మానిటర్లు తమ పరిధిని మించిన సంకేతమును గుర్తించి, "పరిధికి వెలుపల" అని వ్రాసి ఊరకుండును.

1984లో వచ్చిన మెరుగైన రంగుల పలక ఒక చిన్న ఉపాయము చేసినది. అది 200 వరుసల బొమ్మనుగాని, 350 వరుసల బొమ్మనుగాని పంపగలదు. ఏది పంపుచున్నదో మానిటరుకు చెప్పుటకు వేరే తీగ లేదు. కావున "ఆకు మార్చుము" అను స్పందనము యొక్క ధ్రువతను తారుమారు చేసిరి. స్పందనము పైకి లేచినచో ఒక అర్థము, క్రిందికి దిగినచో మరియొక అర్థము. కనుసైగ వంటిది. మాట లేదు, సైగ యున్నది.

1987 ఏప్రిల్‌లో అదే సంస్థ విడుదల చేసిన వి.జి.ఎ. పద్ధతి ఈ సైగలను మూడు చేసినది. రెండు స్పందనముల ధ్రువతలను కలిపి చూచి మానిటరు 350, 400, 480 వరుసలలో ఏది వచ్చుచున్నదో గ్రహించి బొమ్మ ఎత్తును సరిచేసికొనును. ఆ పదునైదు రంధ్రముల సాకెట్టు మన సభామందిరములలోని ప్రొజెక్టర్లకు నేటికిని కనబడుచున్నది. దానిలోనే మరియొక క్రొత్తదనము కలదు. మానిటరు కొన్ని పిన్నులను భూమికి కలిపియో, కలుపకయో ఉంచుటచేత "నేను రంగులదానను", "నేను ఏకవర్ణము" అని కంప్యూటరుకు తెలుపగలిగెను. తెర తనను గూర్చి తాను తెలిపిన మొదటి మాటలలో ఇది యొకటి. అదే సంవత్సరమున ఆపిల్ సంస్థయు తన మాకింటాష్ II యంత్రములో మూడు తీగలను ఇందుకే కేటాయించినది. మూడు తీగలతో చెప్పగల మాటలు ఎన్ని? వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

ఇంతలో మానిటర్ల సంగతి చేయిదాటినది. 1985లో జపానునకు చెందిన ఎన్.ఇ.సి. సంస్థ ఏ వేగముతో స్పందనములు వచ్చినను తన్ను తాను సవరించుకొను మల్టీసింక్ మానిటరును తెచ్చినది. పలకలు చేయువారు ఒకరిని మించి ఒకరు 800 చుక్కలని, 1024 చుక్కలని పంపనారంభించిరి. ఆ అరాచకమును చక్కదిద్దుటకే 1980ల చివర ఎన్.ఇ.సి. చొరవతో పలకల తయారీదారులు కొందరు కూడి వెసా అను సంఘమును స్థాపించిరి. నేటి మానిటరు వెనుకనున్న సాకెట్లలో పెక్కింటి వెనుక ఈ సంఘపు నిర్ణయములు కలవు.

నూటయిరువదియెనిమిది బైట్ల పరిచయపత్రము

1994లో వెసా సంఘము చేసిన పని ఈ చరిత్రలో అన్నింటికంటె ముఖ్యమైనదని నా అభిప్రాయము. దాని తరువాత వచ్చిన వేగములు, రంగులు, క్రొత్త సాకెట్లు అన్నియు దానికి కొనసాగింపులే.

ప్రతి మానిటరులోను ఒక చిన్న స్మృతి చిప్పును అమర్చి, అందులో 128 బైట్ల పరిచయపత్రమును వ్రాసియుంచవలెనని నిర్ణయించిరి. దీనిని ఇ.డి.ఐ.డి. అందురు. మొదటి బైటు సున్న, తరువాతి ఆరు బైట్లు 255, ఎనిమిదవది మరల సున్న. ఇది పత్రము ఆరంభమైనదని చెప్పు ముద్ర. తరువాత మూడు అక్షరములలో తయారీదారు గుర్తు, వస్తువు సంఖ్య, తయారైన వారము, సంవత్సరము, తెర పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో, తాను చూపగల బొమ్మల పరిమాణములు, వేగములు. చిట్టచివరి బైటు సరిచూచుకొనుట కొరకు. 128 బైట్లను కూడినచో వచ్చు మొత్తము 256చేత నిశ్శేషముగా భాగింపబడవలెను. కానిచో పత్రము చదువుటలో ఎచ్చటనో తప్పు జరిగినదని కంప్యూటరు గ్రహించును. కిరాణాకొట్టు చిట్టాలో అడుగున వేసిన మొత్తమువంటిదే ఇదియు.

దీనిని చదువుటకు రెండు తీగలు చాలును. ఫిలిప్స్ సంస్థ 1982లో టెలివిజను పెట్టె లోపలి చిప్పులు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు కల్పించిన రెండు తీగల పద్ధతినే ఇచ్చట వాడుకొనిరి. పెట్టె లోపలి భాష పెట్టె వెలుపలికి వచ్చినది. వి.జి.ఎ. సాకెట్టులో పాత గుర్తింపు పిన్నులైన 12ను, 15ను ఈ రెండు తీగలకు ఇచ్చిరి. మానిటరు ఆపివేసియున్నను పత్రమును చదువగలుగుటకై 9వ పిన్ను ద్వారా కంప్యూటరే 5 వోల్టులను పంపునట్లు చేసిరి.

ఇక్కడనే ఒక చిక్కు పుట్టినది. 1987నాటి అమరికలో ఆ 9వ స్థానమునకు పనిలేదు. అనేక పాత కేబుళ్లలో అచ్చట పిన్నే యుండదు. చౌక కేబుళ్లలో 12, 15 తీగలను అసలు వేయనివియు కలవు. అట్టి కేబులుతో బొమ్మ వచ్చును, ఎందుకనగా బొమ్మ తీగలు వేరు. కాని పరిచయము జరుగదు. కంప్యూటరు "ఎవరో ఒక మానిటరు" అని రాసికొని, ఎట్టి తెరకైనను హాని చేయని చిన్న పరిమాణమును ఎన్నుకొనును. పెద్ద తెరపై అక్షరములు లావుగా, మసకగా కనబడును. అమరికల పట్టికలో పెద్ద పరిమాణములు అసలే కానరావు. అప్పుడు మనుష్యులు కంప్యూటరులోని సాఫ్ట్‌వేరును తీసి మరల వేయుచుందురు. లోపము రెండు తీగలలో నున్నది. కేబులు మధ్య ఉంచు చౌక పంపకపు పెట్టెలును, పొడిగింపు తీగలును ఈ పరిచయపత్రమును మ్రింగివేయుట కద్దు. అందుచేతనే అనుభవజ్ఞులు మొదట మధ్యవర్తులనందరిని తొలగించి, పొట్టి కేబులుతో సూటిగా కలిపి చూతురు.

కంప్యూటరుకు కన్ను లేదని కూడ ఇచ్చట గుర్తింపవలెను. తాను పంపిన బొమ్మ తెరపై కనబడుచున్నదో లేదో దానికి తెలియదు. పత్రములోని మాటను నమ్ముటయే దాని పని. విండోస్‌లో బొమ్మ పరిమాణమును మార్చునపుడు "ఈ అమరికను ఉంచవలెనా?" అని అడిగి, పదిహేను సెకనులలో సమాధానము రాకున్నచో పాత స్థితికి మరలుట అందులకే. చీకటి తెర ఎదుట తొందరపడి అన్ని బొత్తాములను నొక్కక ఆ పదిహేను సెకనులు ఊరకుండినచో పోయిన బొమ్మ తనంత తానే తిరిగివచ్చును.

రెండు తెరల యంత్రము

ఒడిలో నుంచుకొను కంప్యూటరుకు తన తెర తనకున్నది. దానికి ఇంకొక తెర యేల? 1981లో వచ్చిన ఆస్‌బర్న్ 1 అను సుమారు 11 కిలోల "చేతి" కంప్యూటరు తెర ఐదంగుళములే. కావున వెలుపలి మానిటరును కలుపుటకు అప్పుడే ఏర్పాటు చేసిరి. ఆ తరువాతి లాప్‌టాప్‌లలో ద్రవస్ఫటికపు తెరలు వచ్చినను, సభలో పదిమందికి చూపుటకు ప్రొజెక్టరు తప్పలేదు. బొమ్మను లోపలి తెరకు పంపవలెనా, వెలుపలికా, రెండింటికా అని నిర్ణయించుటకు కీలకపు వరుసలో ఒక మీట నేర్పాటు చేసిరి. ఆ మీట ఒక్కొక్క సంస్థ యంత్రములో ఒక్కొక్క చోట! ఎఫ్4, ఎఫ్5, ఎఫ్7, ఎఫ్8. వక్తలు వేదికపై ఆ మీటను వెదకికొనుట ఒక తరమంతయు సాగిన వినోదము. 2009లో విండోస్ 7 వచ్చినపుడు విండోస్ గుర్తు గల మీటతోపాటు పి మీటను నొక్కినచో నాలుగు మార్గములు కనబడునట్లు చేసి ఆ అరాచకమును అణచిరి.

ఆ నాలుగింటిలో "పొడిగించుట" అనునది ఎక్కువమందిని తికమక పెట్టును. 1987లోనే మాకింటాష్ II యంత్రము, 1998లో విండోస్ 98 ఈ సౌకర్యము నిచ్చినవి. రెండు తెరలును కలిసి ఒకే పెద్ద బల్ల అగును. వక్త తన పత్రమును లాప్‌టాప్ తెరపై తెరచును. గోడమీద మాత్రము ఖాళీ నేపథ్యచిత్రము. "బొమ్మ రాలేదు" అని అతడనును. నిజమునకు అన్నియు సరిగా జరిగినవి. పత్రము బల్ల ఈ చివరనున్నది, జనులు ఆ చివర చూచుచున్నారు. "ప్రతిబింబించుట"లో వేరొక చిక్కు. రెండు తెరలకును ఒకే బొమ్మ కావలెను గనుక రెండును చూపగల పరిమాణమునే ఎన్నుకొనవలెను. 1366 × 768 చుక్కల లాప్‌టాప్ తెరను 1920 × 1080 చుక్కల మానిటరుతో ప్రతిబింబింపజేసినచో పెద్ద తెర మసకబారుటలో ఆశ్చర్యము లేదు.

ఉన్నదో లేదో అను కాలము

ద్రవస్ఫటికపు తెరలో కదలు చుక్క లేదు. స్థిరమైన గళ్లున్నవి. వాటికి ఎడతెగని అలవంటి పాత సంకేతమును పంపుట, దానిని మానిటరు మరల అంకెలుగా మార్చుకొనుట వృథాప్రయాస. వి.జి.ఎ. మానిటరుపై "ఆటో" అను బొత్తాము ఈ మార్పిడిలో గళ్లు తప్పకుండ సరిచూచుకొనుటకే పెట్టినది. 1999 ఏప్రిల్‌లో డి.వి.ఐ. అను అంకెల పద్ధతి వచ్చినది. 2002 డిసెంబరులో హిటాచి, మత్సుషిత, ఫిలిప్స్, సిలికాన్ ఇమేజ్, సోని, థామ్సన్, తోషిబా సంస్థలు కలిసి ధ్వనిని కూడ మోయు హెచ్.డి.ఎమ్.ఐ. పద్ధతిని ప్రకటించినవి. 2006లో వెసా సంఘము డిస్‌ప్లేపోర్టును తెచ్చినది.

వీనితో సంభాషణ మరింత పెరిగినది. హెచ్.డి.ఎమ్.ఐ. సాకెట్టులో 19 పిన్నులు. 18వ పిన్నుపై లాప్‌టాప్ 5 వోల్టులను పంపును. మానిటరు 19వ పిన్నుపై వోల్టేజిని ఎత్తి "ఉన్నాను, పత్రము చదువవచ్చును" అని చెప్పును. అటు పిమ్మట పత్రపఠనము, ఆపై బొమ్మ. ఈ వరుసలో మొదటి మెట్టు తప్పినచో లాప్‌టాప్‌లోని అమరికల పట్టికలో రెండవ తెర పేరే కానరాదు. పేరు కనబడి బొమ్మ రానిచో తప్పు పైమెట్టులో నున్నది. చీకటి ఒకటే అయినను రోగములు రెండు. మొదటిదానికి కేబులు, సాకెట్టు, మానిటరుపై ఎన్నుకొన్న ఇన్‌పుట్టు చూడవలెను. రెండవదానికి పరిమాణము, వేగము తగ్గించి చూడవలెను. మానిటరుకు రెండు మూడు సాకెట్లుండి, అది వేరొక సాకెట్టువైపు చెవి యొగ్గియుండుట మిక్కిలి సామాన్యము.

డిస్‌ప్లేపోర్టు మరియొక అడుగు వేసినది. బొమ్మ పంపుటకు ముందు లాప్‌టాప్ తెలిసిన నమూనా సంకేతములను పంపి, మానిటరు వానిని సరిగా అందుకొన్నదా అని అడుగును. అందుకొనలేదన్నచో వోల్టేజిని పెంచి చూచును. అప్పటికిని కుదరనిచో వేగము తగ్గించును. కేబులు బలహీనమైనచో బొమ్మ వచ్చును గాని పెద్ద పరిమాణము దొరకదు.

ఇంత తెలివి వచ్చిన తరువాత నష్టమైన దొకటి కలదు. పాత అలసంకేతములో లోపము మెల్లగా కనబడెడిది. నీడలు పడుట, రంగు వెలిసిపోవుట, బొమ్మ వణకుట. ఎరుపు తీగ తెగినచో తెర నీలి పచ్చగా మారెడిది. చూచినవాడు వెంటనే "పిన్ను వంగినది" అనెడివాడు. అంకెల సంకేతమునకు ఆ మధ్యస్థితి దాదాపు లేదు. ఒక హద్దువరకు పరిపూర్ణముగా ఉండును. హద్దు దాటగానే చీకటి. ఆ అంచుమీద మాత్రము మిణుగురులవంటి చుక్కలు తెరపై మెరయుట, బొమ్మ క్షణకాలము ఆరి మరల వెలుగుట జరుగును. ఈ మిణుగురులు కనబడినచో కేబులు పొడవైనదో, పలుచనిదో అని నిస్సంశయముగా అనుమానింపవచ్చును. అంతకు మించి తెర మనకేమియు చెప్పదు. యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుట నేర్చిన కొలది మనతో మాటలాడుట తగ్గించినవి. హోల్డు మరతో బొమ్మను నిలబెట్టిన గృహస్థునకు గల అధికారము నేటి ఇంజనీరునకు కూడ లేదు.

మరికొన్ని చిక్కులు వేగమునకు సంబంధించినవి. 1987నాటి వి.జి.ఎ. బొమ్మలో 3,07,200 చుక్కలు. నేటి 3840 × 2160 బొమ్మలో 82,94,400. 2009నాటి హెచ్.డి.ఎమ్.ఐ. 1.4 ఇంత బొమ్మను సెకనుకు 30 మారులు మాత్రమే పంపగలదు, 2013నాటి 2.0 వచ్చిన పిమ్మటనే 60 సాధ్యమైనది. సాకెట్టు ఆకారము రెండింటికిని ఒకటే. క్రొత్త మానిటరుపై మౌసు బాణము తడబడుచు నడచినచో దాని వెనుక నున్నది ఈ నాలుగేండ్ల అంతరము.

టెలివిజనును మానిటరుగా వాడువారికి అంచులు తెగిపోవుట మరియొక బాధ. కిరణనాళపు కాలములో బొమ్మ అంచులు వంకరగా నుండెడివి గనుక వానిని చట్రము క్రింద దాచుటకై బొమ్మను కొంచెము పెద్దదిగా చూపెడివారు. నాళములు పోయినవి, అలవాటు పోలేదు. టి.వి. అమరికలలో "ఉన్నది ఉన్నట్లు" అను అర్థముగల మార్గమును వెదకి పెట్టినచో తెగిన అంచులు తిరిగి వచ్చును.

ఇక తాళము సంగతి. సినిమా సంస్థల కోరికపై ఇంటెల్ సంస్థ రూపొందించిన హెచ్.డి.సి.పి. అను రహస్యలిపి 2000లో వచ్చినది. రెండు యంత్రములును పరస్పరము తాళపుచెవులు చూపుకొన్నగాని రక్షిత చిత్రము కదలదు. అన్ని పత్రములును చక్కగా కనబడి, సినిమా మాత్రము నల్లగా నుండుట ఈ తాళము లక్షణము. 2010 సెప్టెంబరులో దాని మూలపు తాళపుచెవి బయటపడినది. ఇంటెల్ సంస్థయే దానిని ధ్రువీకరించినది. దొంగలకు తాళము అడ్డుకాలేదు, కొనుక్కొన్నవారికి మాత్రము నేటికిని అడ్డుగ నున్నది.

మార్పుడు ముక్కల విషయమున ఒక హెచ్చరిక చాలును. చాల లాప్‌టాప్‌ల డిస్‌ప్లేపోర్టు అవసరమైనపుడు హెచ్.డి.ఎమ్.ఐ. భాష కూడ మాటలాడగలదు. అందుచేత చౌక ముక్కతో పని జరుగును. హెచ్.డి.ఎమ్.ఐ.కి డిస్‌ప్లేపోర్టు భాష రాదు. అదే ముక్కను తలక్రిందుగా వాడినచో చీకటియే. ఆ దిశలో నిజమైన దుబాసీ, అనగా తన లోపల చిప్పుగలిగి విద్యుత్తు తీసికొను మార్పిడి పరికరము, కావలెను.

తిరిగి వచ్చిన 1981

2010 డిసెంబరులో ఇంటెల్, ఎ.ఎమ్.డి., డెల్, లెనోవో, సామ్‌సంగ్, ఎల్.జి. సంస్థలు వి.జి.ఎ. సాకెట్టును 2015 నాటికి విరమింపజేయుదుమని ప్రకటించినవి. దాని స్థానమున వచ్చినవానిలో యు.ఎస్.బి.-సి ముఖ్యమైనది. 2014 ఆగస్టులో దాని ప్రమాణము వెలువడినది. మరుసటి నెలలోనే వెసా సంఘము డిస్‌ప్లేపోర్టు సంకేతమును ఆ సాకెట్టు ద్వారా పంపు పద్ధతిని ప్రకటించినది. 24 స్పర్శబిందువుల ఆ చిన్న సాకెట్టులో ఎటు త్రిప్పి పెట్టినను సరియే. విద్యుత్తు, సమాచారము, బొమ్మ అన్నియు ఒకే తీగలో.

కాని బొమ్మను పంపుట తప్పనిసరి కాదు, ఐచ్ఛికము. ఒకే లాప్‌టాప్‌లో ప్రక్కప్రక్కన ఉన్న రెండు సాకెట్లలో ఒకటి బొమ్మను పంపగలదు, రెండవది పంపలేదు. ఫోనుతో వచ్చు తెల్లని కేబులు చూచుటకు అట్లే యున్నను, విద్యుత్తునకును నెమ్మది సమాచారమునకును తగిన తీగలు మాత్రమే అందులో నుండవచ్చును. బొమ్మకు కావలసిన వేగపు తీగలు ఉండవు. 1981లో తొమ్మిది రంధ్రముల సాకెట్టు చేసిన పనినే 33 ఏండ్ల తరువాత 24 బిందువుల సాకెట్టు చేయుచున్నది. ఆకారము ఒకటి, శక్తి వేరు. భేద మొకటే: నాడు తప్పు కలయికలో మానిటరు కాలిపోవు భయముండెను, నేడు రెండు కొనలును ముందుగ సంప్రదించుకొని, కుదరనిచో ఊరకుండును. సాకెట్టు ప్రక్కన డి, పి అక్షరములు కలసిన గుర్తుగాని, మెరుపు గుర్తుగాని యున్నదేమో చూడవలెను. ఉన్నచో బొమ్మ వచ్చును. లేనిచో ఆ నమూనాకు సంబంధించిన వివరపత్రము చూడక తప్పదు, ఎందుకనగా గుర్తు వేయుట కూడ అందరును పాటించుట లేదు.

ఆ చిన్న తీగలోనుండి కూడ నేడు ప్రయాణము చేయునది 1994నాటి పరిచయపత్రమే. 2007లో వెసా సంఘము దానికి బదులుగా డిస్‌ప్లే ఐ.డి. అను విపులమైన పత్రమును రూపొందించినను, పాతది పోలేదు. దానికి అనుబంధ పుటలు చేర్చుచు వాడుచున్నారు. మొదట సున్న, ఆరు 255లు, మరల సున్న. తయారైన సంవత్సరమునకు ఒక్క బైటు, లెక్క 1990 నుండి. ఆ బైటు 2245 వరకు చాలును.